ప్లానులో లేని తలుపు

ఉద్యోగం నుంచి విరమించిన అధ్యాపకులను పరిశోధనా పత్రికల వారు ఇంకా గుర్తుపెట్టుకొని అప్పగించే పని ఒకటుంది. ఎవరో రాసిన వ్యాసాన్ని, రాసిన వారి పేరు తీసేసి, చదివి ప్రచురణకు తగునో తగదో చెప్పమని పంపుతారు. రాసినది ఎవరో మనకు తెలియదు, చదివినది ఎవరో వారికి తెలియదు. మొన్న అటువంటి వ్యాసం ఒకటి ఒక వాస్తుశిల్ప పత్రిక నుంచి వచ్చింది. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు వెళ్ళే అడవి అంచు ఊళ్ళలోని మట్టి ఇండ్ల గురించి శ్రద్ధగా, కొంచెం భయంభయంగా రాసిన వ్యాసం. రాసినవారు చిన్నవారని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడ ఒకే ఇంటి బొమ్మలు రెండు పక్కపక్కన ఉన్నాయి: ఒకటి ఏనాడో పత్రికలో అచ్చయిన నలుపు తెలుపు ఛాయాచిత్రం, రెండోది ఈ మధ్య తీసిన రంగుల ఫొటో. కింద ఇట్లా రాసి ఉంది: పూర్వం ప్రచురితమైన ప్లానులో వెనక గోడకు ద్వారం లేదు, నేడు కనిపిస్తున్న ద్వారం గాలి వెలుతురుల కోసం తరువాతి కాలంలో చేర్చినది కావచ్చు, పాత చిత్రం తీసేనాటికి ఇంట్లో ఎవరూ నివసిస్తున్నట్టు లేదు.

ఆ ఇల్లు మాది. ఆ పాత వ్యాసం నాది. ఆ చిత్రం తీస్తున్నప్పుడు మా నాయనమ్మ కెమెరా చూపుకు కాస్త ఆవల, ఎండలో, మంచం మీద పడుకొని ఉంది.

నా ఈడు వారికి ఆనాటి వ్యాసాల తయారీ గుర్తుండే ఉంటుంది. ఇప్పటిలాగా ఒక మీట నొక్కితే పోయేది కాదు. ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో ప్లాను గీసి, చేయి వణికి గీత దాటితే బ్లేడుతో మెల్లగా గీకి, గీకినచోట గోటితో రుద్ది మళ్ళీ గీసేవాళ్ళం. ప్రింటు తీసే గదిలో అమోనియా వాసనకు కళ్ళు మండేవి. టైపు చేసే ఆయన ఒక్క మాట తప్పు కొడితే పేజీ మొత్తం మళ్ళీ కొట్టించేవాళ్ళం. అంతా అయ్యాక బొమ్మలు మడత పడకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి, గుడ్డసంచీలో కుట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఇక పోస్ట్‌మాన్ సైకిలు చప్పుడుకు చెవులు అప్పగించి కూర్చునేవాళ్ళం. ఆ ఎదురుచూపులో మనమొక్కరమే ఉన్నామనుకుంటాం. మా విషయంలో అట్లా కాలేదు.

మాది చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే బాట మీది ఊరు. ఇంట్లో మా భాష మాది, బయటివారితో తెలుగు. నాయనమ్మ మాత్రం తిట్టడానికి రెంటినీ కలిపి వాడేది. వానాకాలం మాకున్న చెలకలో జొన్న, కందులు, వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, మిగిలిన రోజుల్లో మిర్చి తోటల్లో కూలి. హాస్టళ్ళలో చదువుకుంటూ పోయి నేను ఇంటి మొత్తం మీద మొదటి పట్టభద్రురాలినయ్యాను. అదీ ఆర్కిటెక్చర్‌లో. ఆ చదువు ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇండ్లు కట్టుడు నేర్వనీకి పట్నం పోవాల్నా, మీ తాత ఏ కాలేజీల చదివి కట్టిండని మా బాబాయి ప్రతి సెలవుల్లోనూ అడిగేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

పై చదువుకు వచ్చేసరికి మా గైడు గారు నా పరిశోధనకు మా ఇంటినే విషయంగా ఎంచుకోమన్నారు. ఆయన చెడ్డవారు కారు, ఈ మాట ముందే చెప్పాలి. హాస్టలు తిండి పడక నేను చిక్కిపోతే తన టిఫిను డబ్బాలో సగం నాకు పెట్టినవారు. ఆ కాలేజీలో అధ్యాపక పదవి ఒకటి ఖాళీ అవుతుందని, మంచి పత్రికలో వ్యాసం అచ్చయితే అది నాకే వస్తుందని, లేకపోతే నా తాత్కాలిక ఉద్యోగం కూడా ఆ విద్యాసంవత్సరంతో ముగుస్తుందని ఆయనే దాపరికం లేకుండా చెప్పారు. మా నాయనకు కూడా చెప్పారు. అందువల్ల ఆ వ్యాసం మా ఇంట్లో అందరిదీ అయింది.

వ్యాసంలో మేము నిలబెట్టిన వాదన ఏమిటంటే, ఈ అడవి అంచు ఇండ్లు ఒకే ద్వారపు ఇండ్లు. తడికలు అల్లి మట్టి మెత్తిన గోడలు, నడుమ కప్పును మోసే నిట్టాడు, ముందు వసారా, లోపలికీ బయటికీ ఒకటే తలుపు. చలి, వాన, అడవి జంతువు, దేనికైనా కాపలా ఒక్కచోటే. ఆ వాదన గైడు గారికి ఎంతో నచ్చింది. నచ్చి, నా చిత్తుప్రతి మీద ఎర్ర సిరాతో కూర్చున్నారు. రాసినవారు ఎవరో పోల్చుకోగల గుర్తు ఏదీ వ్యాసంలో ఉండరాదన్నది పత్రిక నియమం. కనుక ‘మా ఇల్లు’ అని ఉన్నచోటల్లా ‘మా’ కొట్టేశారు. మా తాత కట్టిన ఇల్లు ‘స్థానికుడొకరు నిర్మించిన నివాసం’ అయింది. రోజంతా వసారాలో గోడకు ఆనుకొని కూర్చొని ఊరినంతా అక్కడి నుంచే అదిలించే నాయనమ్మ ‘వృద్ధురాలైన నివాసి’ అయింది. పరిశోధకురాలికి ఇల్లు ఉండకూడదమ్మా అన్నారాయన, ఎంతో ఆప్యాయంగానే. నేను తలూపి, కొట్టేసినవన్నీ వదిలేసి మళ్ళీ శుభ్రంగా రాశాను.

ఫొటోల కోసం ఆయన స్వయంగా మా ఊరు వచ్చారు. బస్సు దిగి, మిర్చి బస్తాలు దింపి వస్తున్న ట్రాక్టరెక్కి, బట్టలంతా ఎర్రదుమ్ముతో వచ్చిన ఆయనకు మా నాయన కాళ్ళకు నీళ్ళిచ్చాడు. కెమెరాను కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి అద్దంలోంచి చూసి, పత్రికకు కావలసింది కట్టడం మాత్రమేనని, సామాను కనిపించకూడదని, మనుషులు అసలే కనిపించకూడదని చెప్పారు. దండెం మీది బట్టలు తీశారు. కుండలు, గంజులు, చాటలు, రోకలి, జొన్న గంప ఒక్కొక్కటీ వాకిట్లోకి చేరాయి. కోళ్ళను తరిమారు. చివరికి నాయనమ్మ మిగిలింది.

ఇక్కడొక మాట చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు. మా ఊళ్ళలో ఇంట్లోని సామానంతా వాకిట్లో పెట్టి, ఇంటివాళ్ళంతా బయట నిలబడ్డారంటే దానికి ఒకటే అర్థం. మనిషి పోయిన ఇంటినే అట్లా ఖాళీ చేస్తారు. చేసి, అలికి, ఆ తరువాత సామాను లోపల పెట్టుకుంటారు. బతికున్న ఇంటిని ఎవరూ అట్లా ఖాళీ చేయరు, సున్నం వేసేటప్పుడు కూడా ఒక మూలలోవి ఇంకో మూలకు జరుపుకుంటారే తప్ప. నాయనకు ఇది తెలియదా? మంచం పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. సారు గడియారం చూసుకున్నారు, వెలుతురు పోతుందన్నారు. నాయన మంచం ఎత్తాడు. కాళ్ళు పడిపోయి నడవలేని నాయనమ్మ, కొడుకూ మనవడూ కలిసి తనను మంచంతో సహా వాకిట్లోకి మోస్తుంటే ఎగతాళిగా నవ్వింది. నలుగురు మొయ్యాలెరా, ఇద్దరే మోస్తున్నరేంది, నా బరువు అంత తగ్గిందా అన్నది. ఇంటి కొలత తెలియడానికి నలుపు తెలుపు పట్టీలు వేసిన కర్ర ఒకటి బొమ్మలో నిలబెట్టడం మా పద్ధతి. ఆ కర్రను సారు సరిగ్గా ఆమె కూర్చునేచోట, ఆమె వీపు రాపిడికి నున్నగా నల్లబడిన గోడకు ఆనించారు. అది చూసి నాయనమ్మ నన్ను పిలిచింది.

“నన్ను తీసి కట్టెను కూసోబెట్టిండా మీ సారు? అది తిడతదా, దీవిస్తదా, ఏం జేస్తదే?”

తరువాత ఎండ మొహాన కొడుతోందని చీర కొంగు ముఖం మీదికి లాక్కొని పడుకుంది.

మిర్చి కోతల నుంచి ఆడవాళ్ళు తిరిగి వచ్చే వేళ అది. అందరికంటే ముందు మా మేనత్త ఉంది, నాయనమ్మ ఒక్కగానొక్క కూతురు, రెండిండ్ల అవతల ఉండేది. బాట మలుపులో ఆమెకు ముందుగా కనిపించింది వాకిట్లోని కుండలు. ఆ తరువాత మంచం. ఆ తరువాత ముఖాన గుడ్డ. మిర్చి గంప ఎక్కడిదక్కడ పడేసి మా మేనత్త ఎత్తిన శోకానికి ఊరు ఊరంతా కదిలింది. తల్లి మంచాన్ని పట్టుకొని, ఆమె ఎవరికి బువ్వ పెట్టిందో, ఎవరి బిడ్డకు మంత్రసానితనం చేసిందో, అడవిలో దారి తప్పిన వాళ్ళను ఎట్లా పిలుచుకొచ్చిందో, ఒక్కొక్కటీ రాగం తీసి చెబుతూ ఏడ్చింది. మిగిలినవాళ్ళు కలిశారు. నేనూ తమ్ముడూ లేదు లేదని అరుస్తూనే ఉన్నాం కాని ఆ హోరులో మా గొంతులు ఎవరికి వినబడతాయి? సారు కెమెరా మీది నల్లగుడ్డ కింద నుంచి తల బయటికి తీసి, వాళ్ళను కొంచెం ఎడమకు జరగమనమ్మా, నీడలు పడుతున్నాయన్నారు. ఏడుపు ఎందుకని ఆయన అడగలేదు. మా ఊళ్ళ రివాజు ఏదో అనుకున్నారేమో.

కొంత సేపు విన్నాక నాయనమ్మే ముఖం మీది కొంగు తీసింది.

“బతికున్ననాడు ఒక్కమాట గిట్ల మంచిగ చెప్పకపోతివి గదనే. ఆపినవేంది, ఇంకా చెప్పు, వింట.”

మేనత్త వెల్లకిలా పడింది. ఆ తరువాత అందరూ నవ్విన నవ్వు, ముసలివాళ్ళ దగ్గర నుంచి చంకబిడ్డల దాకా, నేను ఆ ఊళ్ళో మళ్ళీ ఎన్నడూ వినలేదు. ఆ నవ్వులోనే సారు తన బొమ్మలు తీసుకున్నారు.

నవ్వు అయిపోయాక మా పెద్దతాత, ఊరికి ఆయనే పెద్ద, చుట్ట ఆర్పి, మెల్లగా అసలు మాట చెప్పాడు. ఎవరి మీద పడి ఏడ్చారో ఆ మనిషి ఏ తలుపున బయటికి వచ్చిందో ఆ తలుపున లోపలికి పోగూడదు. పోతే ఆ ఏడ్పు వెంట పోతుంది. దీనికి పెద్ద తంటా ఏమీ లేదు, వెనక గోడకు కొత్తగా తలుపు తీసి అట్లా లోపలికి తీసుకుపోతే సరి. తడిక గోడ, ఎంతసేపు పని? నాయన అప్పటికే గడ్డపార తెచ్చాడు.

సారు అడ్డుపడ్డారు. కోపంగా కాదు, ఎంతో ఓపికగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు. కొలతలు తీసుకోవడం అయిపోయింది, ప్లాను సిద్ధమైంది, ఫొటోలు ఇప్పుడే తీశాం. రేపు పత్రిక వాళ్ళు ఏదైనా కొలత మళ్ళీ అడిగితే, ఎవరినైనా చూసి రమ్మంటే, ఇల్లు గీసినట్టే ఉండాలి. వ్యాసమంతా ఒకే తలుపు అని చెబుతుంటే ఇంటికి రెండు తలుపులుంటే ఏమనుకుంటారు? ఒప్పుకునేదాకా ఆగండి, కొద్ది రోజుల మాట అన్నారు. నాయన నా వైపు చూశాడు, గడ్డపార వైపు చూశాడు. పెద్దతాత ఆర్పిన చుట్ట మళ్ళీ వెలిగించుకున్నాడు. నాయనమ్మను ఆ సాయంత్రం వాకిలి అవతలి పశువుల కొట్టంలోకి మార్చారు.

తిరుగు ప్రయాణంలో నేను గైడు గారిని ఒకటే అడిగాను: ఆ రెండో తలుపును తీయనిచ్చి, దాన్ని కూడా ప్లానులో గీసి, ఎందుకు తీశారో రెండు వాక్యాలు రాద్దామా అని. అట్లా రాస్తే అది సంప్రదాయ గృహం కాదు కదా అన్నారు. ఆ సంప్రదాయం కోసమే మా నాయనమ్మ పశువుల పక్కన పడుకున్నదని చెప్పడానికి మాటలు కూర్చుకుంటున్నాను. అంతలో ఆయన నిద్రపోయారు.

వ్యాసం పోస్టులో వెళ్ళింది. ఎండలు వచ్చాయి, తునికాకు కోత వచ్చింది, పోయింది. కొట్టంలో ఎండాకాలం హాయిగానే ఉండేదని తమ్ముడు చెప్పేవాడు. కోడెలు రెండూ ఆమె తిట్లకు అలవాటు పడ్డాయట. తొలకరి వానలకు పత్రిక జవాబు వచ్చింది. కాదనలేదు, ఔననలేదు. సవరించి పంపమన్నారు. పరిశీలకులలో ఒకరు అడిగిన ప్రశ్న నాకు ఈనాటికీ కంఠతా వచ్చు: ఒకే ద్వారం ఉన్న ఇంట్లో గాలి ఎట్లా ఆడుతుంది, వివరించగలరు.

దాని కోసం మళ్ళీ కొలతలు తీయడానికి ఊరికి వెళ్ళాను. కొట్టం నేల చిత్తడిగా ఉంది. మంచం కాళ్ళ కింద రాళ్ళు పెట్టి ఎత్తు చేశారు. నాయనమ్మకు దగ్గు పట్టుకుంది, గొంతులో మునుపటి కారం లేదు గాని మాటలో ఉంది. మీ పుస్తకపోళ్ళు నన్ను ఇంట్లకు రమ్మన్నరా అని అడిగింది. ఇంకా లేదని చెప్పాను. చాలాసేపు వాకిలి అవతల ఉన్న ఇంటి వైపే చూసింది. పెండ్లయి వచ్చిన నాటి నుంచి లోపల కూర్చొని బయటికి చూసుడే గాని, బయట కూర్చొని ఇంటిని చూసింది లేదని, మీ తాత మంచిగనే కట్టిండని, చూరు మాత్రం ఒక పక్కకు ఒరిగిందని అన్నది. నేను లేచి గడ్డపార అందుకున్నాను. వెనక గోడ దాకా పోయాను కూడా. నాయన వెంట వచ్చి నిలబడ్డాడు. కొట్టంలో నుంచి నాయనమ్మే అరిచింది.

“పెట్టు అది కింద. కొట్టంల పండుకుంటె నేను సావనే. నీ కొలువు పోతె మాత్రం సస్త.”

నేను కింద పెట్టాను. చూరు కింద గాలి ఎట్లా పోతుందో కొలుచుకొని, సవరించిన బొమ్మలు గీసుకొని పట్నం చేరాను. ఆ వ్యాసం రెండోసారి పోస్టులో ఉండగానే ఆమె పోయింది.

నేను వెళ్ళేసరికి ఇంటికి రెండు తలుపులున్నాయి. నాయన ఎవరినీ అడగలేదు. తెల్లవారి గడ్డపార తీసుకొని వెనక గోడకు నిలువునా తడికలు కోసి, మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాల్చి, తల్లిని ఆ సందులోంచి తన చేతుల మీద లోపలికి తీసుకుపోయాడు. తీసుకుపోయి వసారాలో ఆమె చోటులో, ఆ నున్నటి గోడకు ఆనించి కాసేపు కూర్చోబెట్టాడట. ఊరంతా వాకిట్లో నిలబడి చూసిందట. ఆ తరువాతే పాత తలుపున బయటికి తెచ్చారు, ఆ తరువాతే కుండలు వాకిట్లో పెట్టారు. ఎవరూ పొరపడలేదు. మేనత్త ఏడవలేదు. అందరూ ఏడవమంటే, మంచి మాటలన్నీ ఆనాడే చెప్పిన, అది విన్నది కూడ, ఇప్పుడు కొత్తగ ఏం చెప్పాలె అన్నది. ఏడ్పు లేకుండా ఊరు దాటిన మనిషి మా వైపు ఆమె ఒక్కతేనేమో.

పత్రిక వారు ఒప్పుకున్నారు. గాలి ఆడే పద్ధతిని చక్కగా వివరించారని, ఛాయాచిత్రాలు ఎంతో స్వచ్ఛంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. అచ్చయిన ప్రతిని గైడు గారు కాలేజీ వరండాలో అందరి ముందు నా చేతికిచ్చారు. వెనక తలుపు సంగతి చెప్పాను. అది తరువాత జరిగింది కదమ్మా, వ్యాసానికి సంబంధం లేదన్నారు. ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతో తమ్ముడు చదివాడు, నాయన కంటికి ఆపరేషన్ జరిగింది, మేనత్త కూతురి పిల్లలు నా దగ్గరే ఉండి చదువుకున్నారు. ఏదీ వ్యర్థం కాలేదు. అందుకే ఈ కథను నేను ఎవరి మీదా కోపంగా చెప్పలేను, చెప్పబోయినా మధ్యలో ఆ జీతంతో తిన్న అన్నం గుర్తొస్తుంది.

ఇప్పుడు నా ముందున్న ఈ వ్యాసానికి అభిప్రాయం రాయాలి. పరిశీలకులు తామెవరో బయటపడేటట్టు ఏదీ రాయరాదు, ఏం చెప్పినా ఆధారంతో చెప్పాలి. ఆ తలుపు గాలి కోసం కాదని రాస్తే ఆధారం అడుగుతారు. ఆధారం నేనే; నేనని చెప్పరాదు. ఒకనాడు వ్యాసంలోంచి ‘మా’ కొట్టేయడానికి ఎంత సిరా పట్టిందో, ఇప్పుడు ఒక్క ‘మా’ రాయడానికి అంత చోటు కూడా లేదు. చివరికి ఒకే వాక్యం రాశాను: వెనక ద్వారం ఎందుకు తీశారో ఊహించి రాయక, ఆ ఇంటివారిని అడిగి రాయగలరు.

ఇల్లు ఇప్పుడు తమ్ముడిది. ఎవరో అడగడానికి రావచ్చునని ఫోనులో చెప్పాను. వస్తే అన్నీ చెబుతానని, చాయ్ కూడా పోస్తానని అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, “ఫొటో తీస్తమంటె మాత్రం నేను బయటికి రాను అక్కా” అన్నాడు.

కాలం మారింది. ట్రేసింగ్ కాగితం లేదు, అమోనియా మంట లేదు, పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూపు లేదు. పంపిన వ్యాసం చేరిందని క్షణంలో జవాబు వస్తుంది. పత్రిక వారి సూచనల పట్టిక కూడా తెరిచి చూశాను. ఛాయాచిత్రాలలో మనుషులు, గృహోపకరణాలు లేకుండా జాగ్రత్తపడవలెనని ఇంకా అట్లాగే ఉంది. మా ఊళ్ళో తడిక గోడలు మాయింటివి తప్ప మిగలలేదు, అన్నీ స్లాబు ఇండ్లే. అన్నింటికీ ముందొక తలుపు, వెనకొక తలుపు. పిల్లలు ఒకదానిలో దూరి ఇంకోదానిలోంచి ఉరికి పోతుంటారు. సామాను బయట పెట్టి సున్నాలు వేసుకుంటారు, ఎవరూ ఉలిక్కిపడరు. ఎవరి కోసం ఏడ్చారో ఆ మనిషి మళ్ళీ ఇంట్లోకి ఎట్లా రావాలన్న అనుమానం ఎవరికీ రాదు, వచ్చినా చెప్పడానికి పెద్దతాత లేడు. మా ఇంటికి ఆ వెనక తలుపు మొదటి నుంచీ ఉండి ఉంటే అని నేను ఆ స్లాబు ఇండ్లను చూసినప్పుడల్లా అనుకుంటాను. అప్పుడు ఒకే ద్వారపు వాదన ఉండేది కాదు, వ్యాసం ఉండేది కాదు, ఆ ఉద్యోగమూ ఉండేది కాదేమో. ఆ కట్టె ఆనిన చోట మా నాయనమ్మ కూర్చొని ఉండేది.